డిగ్రీ ఫోన్‌లోకి వచ్చింది సరే, పరీక్ష సంగతేంటి?

అగ్నిపథ్ స్కీమ్ కింద నాలుగేళ్లకి సైన్యంలో చేరే అగ్నివీర్లకి సర్వీస్‌లో ఉండగానే డిగ్రీ ఇస్తాం అని 2022 జూన్‌లో కేంద్రం చెప్పినప్పుడు మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అదే వారం ఆ స్కీమ్ వద్దంటూ జరిగిన ఆందోళనలో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు, ఆ గొడవలో డిగ్రీ మాట ఎవరి చెవికెక్కుతుంది. కానీ ఇప్పుడు అగ్నివీర్ల ఇళ్లల్లో జరిగే చర్చంతా దాని గురించే. 2023 జనవరిలో ట్రైనింగ్‌కి వెళ్లిన ఆర్మీ మొదటి బ్యాచ్‌కి 2026 చివరికల్లా నాలుగేళ్లు నిండుతాయి, వాళ్లలో ఉంచుకునేది 25 శాతం వరకే అని స్కీమ్‌లోనే ఉంది, మిగతావాళ్లు సర్వీస్ అయ్యాక ఇచ్చే సుమారు 11.71 లక్షల సేవా నిధి తీసుకుని, చాలామంది పాతికేళ్లు కూడా నిండకుండానే, ఊరికి వచ్చేస్తారు. ఆ డబ్బు ఇంటి అప్పుకో చెల్లి పెళ్లికో పోతుంది, తర్వాత ఏంటి?

ఆ డిగ్రీ ఇచ్చే ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీ, అంటే ఇగ్నో, పెట్టిన పద్ధతి నిజానికి బాగుంది. డిగ్రీకి కావల్సిన క్రెడిట్లలో సగం సర్వీస్‌లో తీసుకున్న ట్రైనింగ్‌కే ఇస్తారు, మిగతా సగం హిస్టరీ, ఎకనామిక్స్, కామర్స్, టూరిజం లాంటి సబ్జెక్టులు చదివి తెచ్చుకోవాలి, ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ. వెపన్ విప్పి మళ్లీ బిగించడం, సిగ్నల్ సెట్ నడపడం, బండి రిపేరు చేయడం కూడా చదువే అని ఒక యూనివర్సిటీ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, నాకైతే ఇది చాలా ఏళ్ల కిందే జరగాల్సింది అనిపిస్తుంది.

ఎందుకంటే పాత జవాన్లకి ఉన్న దారి వేరు. టెన్త్ పాసై 15 ఏళ్లు సర్వీస్ చేస్తే దాన్ని డిగ్రీతో సమానంగా చూస్తారు, అదీ గ్రూప్ సీ పోస్టులకి. నాలుగేళ్లకే బయటికొచ్చేవాడికి ఆ దారి లేదు, బీఈడీ చేసి డీఎస్సీ రాయాలన్నా, గ్రూప్-2కి అప్లై చేయాలన్నా అసలు డిగ్రీయే కావాలి.

ఇక గ్రౌండ్ మీద ఏం జరుగుతుందో చూద్దాం. క్లాసు సమస్య చాలావరకు తీరింది, సియాచిన్ వైపే 15,500 అడుగుల పైన బీఎస్ఎన్ఎల్ టవర్ 2023 అక్టోబర్‌లో వచ్చింది, పుస్తకాలు పీడీఎఫ్‌లో దొరుకుతాయి, ఒకసారి నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే చాలు. చిక్కంతా రాతలో ఉంది. ఇగ్నో మామూలు డిగ్రీల్లో 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లకి, అవి చేత్తో రాయాలి. మా పెదనాన్న గారి అబ్బాయి బాగా ఎత్తైన మంచు కొండల్లో పోస్టింగ్ ఉన్నప్పుడు పెన్ను గడ్డకట్టకుండా లోపలి జేబులో పెట్టుకుని, రాత్రి గార్డ్ దిగొచ్చాక నాలుగు లైన్లు రాసి పడుకునేవాడు, ఒక్కో ప్రశ్నకి ఐదారు రోజులు పట్టేది. అంత కష్టపడి అన్నీ పంపాడు, తీరా పరీక్షల టైమ్‌కి యూనిట్ మొత్తం ఇంకో సెక్టార్‌కి కదిలింది, హాల్ టికెట్‌లో సెంటర్ మాత్రం పాత ఊరే, మార్చడానికి గడువు అయిపోయిందన్నారు. ఆ సెషన్ పోయింది.

పరీక్షలు ఉండేది జూన్‌లో, డిసెంబర్‌లో, ఒక్కోసారి నెల పైనే సాగుతాయి, అగ్నివీర్‌కి ఏడాది మొత్తానికి దొరికే లీవే 30 రోజులు. అంటే అమ్మానాన్నలని చూడాలా, పరీక్ష రాయాలా? మూడేళ్ల డిగ్రీని ట్రైనింగ్ పోను మిగిలిన టైమ్‌లో పూర్తి చేయాలంటే ఒక్క సెషన్ పోయినా లెక్క తప్పుతుంది. ఆరేళ్ల దాకా గడువు ఉందిగా అంటారు, కానీ యూనిఫాం తీసేశాక ఏదో సెక్యూరిటీ డ్యూటీలో పన్నెండు గంటలు నిలబడేవాడు మళ్లీ పుస్తకం పడతాడని ఎంతమందికి నమ్మకం ఉంది?

దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. కేంద్రం ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్ వాళ్లు టెన్త్, ఇంటర్‌కి ఆన్ డిమాండ్ పరీక్ష ఎప్పటినుంచో పెడుతున్నారు, రెడీ అయినప్పుడు వచ్చి రాయొచ్చు. ఆర్మీ తన మ్యాప్ రీడింగ్ పరీక్షలు, ప్రమోషన్‌కి కావల్సిన పరీక్షలు తనే పెట్టుకుంటుంది, ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ అని 1921 నుంచి ఒక విభాగమే ఉంది. సీల్ వేసిన పేపర్ యూనిట్‌కి పంపి, వాళ్ల ఇన్విజిలేషన్‌లో రాయిస్తే తప్పేంటి? కాపీలు కొడతారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, సరిహద్దు అప్పజెప్పినవాళ్ల చేతికి ఒక ప్రశ్నపత్రం అప్పజెప్పలేమా? కనీసం యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ లెటర్ ఉంటే పరీక్షకి వారం ముందు కూడా సెంటర్ మార్చే వెసులుబాటు అయినా ఇవ్వాలి.

ఇంకోటి, భాష. శ్రీకాకుళం నుంచో, నల్గొండ నుంచో తెలుగు మీడియంలో చదివి వెళ్లిన పిల్లాడికి ఇగ్నో పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీష్‌లోనో హిందీలోనో దొరుకుతాయి. హైదరాబాద్‌లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీని 1982లో పెట్టారు, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, తెలుగు మీడియం పాఠాలు దశాబ్దాలుగా దాని దగ్గర ఉన్నాయి. తాడేపల్లిగూడెం పక్కన తరతరాలుగా సైన్యానికి వెళ్లే మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లు మనకి ఉన్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కూర్చుని ఆ పాఠాలని జవాన్ల చేతికి చేర్చే పని ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు, కానీ అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఉన్నవాడు పరీక్ష కోసం రెండు రోజులు రైలెక్కి రావాలంటే మాత్రం మళ్లీ అదే లీవు, అదే హాల్ టికెట్ గొడవ.