బిల్లుందా మేడమ్?

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. డబ్బా మీద ఇంతింత అక్షరాలతో ‘2 సంవత్సరాల వారంటీ’. కొని నాలుగు నెలలు కాలేదు, రాత్రి వంటింట్లో ఠప్పున పోయింది, చీకట్లో నా పోపు మాడింది. షాపాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, “బిల్లుందా మేడమ్?” అన్నాడు. ఎనభై రూపాయల బల్బుకి బిల్లు! ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల పక్కన బీరువాలో దాచుకోవాలి కాబోలు.

పైగా వేల గంటలు వెలుగుతుందట. లోపలి ఎల్‌ఈడీ చుక్కలు వెలుగుతాయేమో, వాటి వెనక, వాటికి సరిపడా కరెంటు అందించే డ్రైవర్ బోర్డు బతకొద్దూ? మా ఎలక్ట్రీషియన్ విప్పి చూపించాడు. వేడికి ఆ బోర్డు మీది కెపాసిటర్ బూరెలా ఉబ్బింది. చుక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి, బల్బు మాత్రం చెత్తబుట్టకి. 2014లో మా గుంటూరు జిల్లాలో పాత 60 వాట్ల బల్బు ఇస్తే 10 రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చారు, ఇంటికి రెండు. అమ్మ లైన్లో నిలబడి తెచ్చింది. అందులో ఒకటి దేవుడి గదిలో నిక్షేపంలా ఉంది. దేవుడి మహిమ అంటుంది అమ్మ. సరే.

నాకు లెక్క తెలియక కాదు. 60 వాట్లు ఉన్నచోట 9 వాట్లు, రోజుకి ఐదు గంటలు వేసుకున్నా నెలకి ఏడున్నర యూనిట్లు మిగులు. కరెంటు బిల్లులో రేటు మారే శ్లాబు అంచున ఉన్నవాళ్లకి అదే ప్రాణం.

కానీ ఎవరికోసమండీ ఈ పొదుపు? పొద్దున 11 గంటలకి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నాలుగు ఫోకస్ లైట్లు సూర్యుడికి దారి చూపిస్తుంటాయి. లిఫ్టు పక్కన ‘విద్యుత్తును ఆదా చేయండి’ అని నోటీసు. అది చదవడానికి అక్కడ లైటు లేదు, ఆదా కోసం పీకేశారు! దసరాకి కట్టిన సీరియల్ సెట్లు సంక్రాంతి ముగ్గుల మీద కూడా మిణుకుమిణుకుమన్నాయి. కామన్ మీటర్ బిల్లు ఎక్కువొచ్చిందని మెయింటెనెన్స్ రెండొందలు పెంచారు. అడిగితే సెక్రటరీ గారు, “ఎల్‌ఈడీలే కదమ్మా, ఎంత కాలుతుందీ?” అన్నారు. మా ఇంట్లో బాల్కనీ లైటు ఒక్క రాత్రి మర్చిపోతే మాత్రం గ్రూపులో ఫోటో పెట్టారు. ఆ ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది.

కొత్త బల్బు కొన్నాను, ఏం చేస్తాం. ఈసారి బిల్లు అడిగాను. పుస్తకం అయిపోయిందట. డబ్బా వెనక పెన్నుతో తేదీ రాసిచ్చాడు.