మొండి టీబీ: తప్పు రోగిది కాదు

మందులకు లొంగని టీబీ అనగానే ‘మాత్రలు మధ్యలో మానేసి ఉంటాడు’ అనే మాట వినిపిస్తుంది. దానితో మేము ఏకీభవించం. ఈ మొండి టీబీ బారిన పడుతున్నవారిలో చాలామందికి అది ఇంకొకరి దగ్గు నుంచి గాలిలో నేరుగా సోకినదే. వాళ్లు మానేయడానికి ముందసలు మాత్రలు మొదలుపెట్టిందే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో సుమారు 4 లక్షల మందికి ఈ రకం టీబీ వచ్చింది. చికిత్స మొదలైంది 1.76 లక్షల మందికే. మిగిలినవారిలో ఎంతోమందికి తమ జబ్బు ఏ రకమో కూడా తెలియదు. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చూడకుండా మామూలు మాత్రలిస్తే, లొంగే క్రిములు చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. వేస్తున్న మిగతా మందులు కూడా ఒక్కొక్కటిగా పనిచేయకుండా పోతాయి. ఈలోగా ఇంట్లోవాళ్లకు, పక్కన పనిచేసేవాళ్లకు అదే క్రిమి అంటుకుంటుంది. ఆసుపత్రిలో మందుల స్టాక్ అయిపోయి ‘వచ్చే వారం రండి’ అని పంపేసినా జరిగేది ఇదే. అప్పుడు కూడా నింద రోగి మీదే!

రెండు గంటల్లో సంగతి తేల్చే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే ఆమోదించింది. అయినా 2023లో టీబీ నిర్ధారణ అయినవారిలో సగం మందికి కూడా మొదట ఇలాంటి వేగవంతమైన పరీక్ష జరగలేదు. యంత్రం ఉన్నచోట పరీక్షకు వాడే కార్ట్రిడ్జ్‌లు ఉండవు, కార్ట్రిడ్జ్‌లు ఉన్నచోట కరెంటు ఉండదు.

చికిత్స మాత్రం చాలా మారింది. ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు మందులు వాడాలి. నెలల తరబడి చేసే ఇంజెక్షన్లకు కొందరి వినికిడే పోయేది. ఇప్పుడు చాలామందికి ఆరు నెలల మాత్రలతో సరిపోతోంది. అందులో కీలకమైన బెడాక్విలిన్‌పై తయారీ కంపెనీ గుత్తాధిపత్యాన్ని పొడిగించే దరఖాస్తును 2023 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. అభ్యంతరం చెప్పినవారు నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే. టీబీ మందుల వల్ల వినికిడి కోల్పోయినవారు ఆ ఇద్దరూ. ఆ తర్వాత ధర బాగా తగ్గింది. పోరాడితే మందు పేదలకు అందుతుందని రుజువు చేసిన వారికి ప్రభుత్వాలు రుణపడి ఉన్నాయి.

కానీ చవక మందు ఒక్కటే చాలదు. మొండి టీబీ సోకిన కుటుంబాల్లో దాదాపు 80 శాతం తమ ఏడాది ఆదాయంలో ఐదో వంతుకు మించి నష్టపోతున్నాయి. ప్రయాణ ఖర్చులు, పోయిన కూలి, పౌష్టికాహారం అన్నీ అందులో భాగమే. రోగికి నెలనెలా నగదు సాయం అందించడం చికిత్సలో భాగమని ప్రభుత్వాలు గుర్తించాలి. మొదటి మాత్రకు ముందే ప్రతి రోగికీ క్రిమి మందులకు లొంగుతుందో లేదో తేల్చే పరీక్ష జరగాలి. వీటికి డబ్బు కావాలి. 2027 నాటికి టీబీపై ఏటా 2,200 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2023 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి వేదికపై దేశాలు మాటిచ్చాయి. 2023లో అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో టీబీకి అందింది 570 కోట్ల డాలర్లే. సంపన్న దేశాలు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, రోగులున్న దేశాలు తమ బడ్జెట్లలో టీబీ వాటా పెంచాలి.