శ్రుతి తప్పిన హరికథ

పైడితల్లి అమ్మవారి పండుగ రోజుల్లో విన్న హరికథలను మా నాన్నగారు పదకొండు రీళ్లలో భద్రపరిచారు. వాటిని వినిపించవలసిన పాత టేపు రికార్డరు మాత్రం మూడు నెలలుగా నా ప్రాణం తోడేస్తోంది. మోటారు తిరుగుతుంది గాని రీళ్లు కదలవు. విప్పి చూస్తే రబ్బరు బెల్టు తారులా కరిగి కప్పీకి అంటుకుపోయి ఉంది.

విజయనగరం గంటస్తంభం దగ్గర మొదటి దుకాణదారు, "పాత సామాన్లవాడికి ఇచ్చేయండి మాస్టారూ, బ్లూటూత్ స్పీకరు కొనుక్కోండి" అన్నారు. రెండవ ఆయన మరీ ఉత్సాహవంతుడు. క్యాసెట్ ప్లేయరు బెల్టును సాగదీసి తగిలించడమే కాక, అడగకుండానే రబ్బరు రోలరుకు కుట్టుమిషను నూనె పూశాడు. ఆ రోలరు టేపును తిరిగే ఇరుసుకు గట్టిగా అదిమి ఉంచితేనే సెకనుకు 19 సెంటీమీటర్ల వేగం నిలకడగా ఉంటుందనీ, నూనె తగిలితే పట్టు జారి శ్రుతి ఊగిపోతుందనీ ఎంత మొత్తుకున్నా, "నూనె వేస్తే ఏదైనా తిరుగుతుందండీ" అన్నదే ఆయన సిద్ధాంతం.

1919లో సంగీత కళాశాల వెలసి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులైన ఊళ్లో, హరిదాసు గొంతు జ్వరం వచ్చిన పిల్లిలా మూలుగుతుంటే విని ఊరుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో (మందుల దుకాణంలో నన్ను చూసిన చూపు వేరే కథ) రోలరును నేనే తుడుస్తున్నాను. బెల్టు కొలతను దారంతో తీసి జేబులో పెట్టుకున్నాను. ఆదివారం విశాఖపట్నం వెళ్లి అడగాలి.