పైలట్ గారి పూర్వాశ్రమం

ఏ పారాగ్లైడింగ్ (గుడ్డ రెక్క కింద వేలాడుతూ ఎగిరే ఆట) సాహసయాత్ర ప్రకటన తీసినా మార్గం గురించి రెండు ముక్కలు, వాతావరణం గురించి అర ముక్క, మిగతా అంతా పైలట్ల బయోడేటాలే. అందరికీ ఒక పూర్వాశ్రమం ఉంటుంది. ఒకాయన బ్యాంకు మేనేజరు, ఒకావిడ ఆర్కిటెక్టు, ఇంకొకాయన సైన్యంలో చేసి వచ్చాడు, నాలుగో ఆయన ఏం చేసేవాడో స్పష్టంగా ఉండదు గానీ "కార్పొరేట్ జీవితానికి స్వస్తి చెప్పి" అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఉద్యోగం మానేయడం కూడా ఎగరడానికి ఒక అర్హత కింద లెక్క. ఈయన కంపెనీని వదిలాడా, కంపెనీయే ఈయన్ని వదిలిందా అని అడగడం మర్యాద కాదు కాబట్టి ముందుకు పోదాం.

ఇక పక్షులు. బృందంలో ప్రతి ఒక్కరికీ పసితనం నుంచే పక్షులంటే ప్రాణం. స్నేహితుడు పాత వింగ్ (ఆ గుడ్డ రెక్కే) వదిలించుకోవాలని చూస్తుంటే, చవగ్గా వస్తోంది కదా అని కొని, ఆ తర్వాత ఎగరడం నేర్చుకున్నవాడు ఏ బయోడేటాలోనూ నాకు తగల్లేదు. టేకాఫ్ దగ్గర మాత్రం ఎటు చూసినా వాళ్లే. అసలు ఈ ఆట పుట్టుకలోనే పక్షుల ప్రసక్తి పెద్దగా లేదు. 1978లో ఫ్రాన్స్‌లోని మ్యుసీ అనే ఊళ్లో ముగ్గురు స్కైడైవర్లు, విమానమెక్కి దూకే బదులు చదరపు పారాచూట్‌ని కొండవాలు మీద పరిచి పరుగెత్తితే గాలి నిండి లేస్తుందేమో చూద్దామనుకున్నారు. లేచింది. వాళ్లలో ఒకాయన దాదాపు 1,000 మీటర్ల కిందున్న ఫుట్‌బాల్ మైదానంలో దిగాడు. విమానం ఖర్చు మిగిలింది. ఇంత గొప్ప పొదుపు ఉద్యమానికి వారసులై ఉండి మనవాళ్లు గద్దల మీద కవిత్వం రాస్తున్నారు!

తర్వాత గంటలు. "వెయ్యి గంటలకు పైగా ఆకాశంలో" అంటారు. ఏ ఆకాశంలో? సముద్రపు ఒడ్డు గుట్ట మీద సాయంత్రం పూట ఒకే తీరుగా వీచే గాలిలో కాళ్లు చాపుకుని, అటొకసారి ఇటొకసారి తిరుగుతూ మూడు గంటలు కూర్చోవచ్చు, దిగుదామన్నా ఆ గాలి దిగనివ్వదు. అదే ఎత్తయిన కొండల్లో మిట్టమధ్యాహ్నం థర్మల్, అంటే వేడెక్కి పైకి లేచే గాలి, సెకనుకి ఆరు మీటర్ల చొప్పున పైకి లాగేస్తుంటే, దాని అంచు దాటగానే వింగ్ సగం ముడుచుకుపోతే, అది మళ్లీ తెరుచుకునే ఆ నాలుగైదు సెకన్లున్నాయే, అవీ గంటల్లోనే కలుస్తాయి, చిల్లర కింద. బయోడేటా లెక్కలో రెండూ ఒకటే గాలి.

నన్నడిగితే మొదటి ప్రశ్న రిజర్వ్ పారాచూట్ (వింగ్ మొరాయిస్తే లాగి తెరవాల్సినది) మీద ఉండాలి. ఆఖరిసారి ఎప్పుడు మడిచారు? ఏడాదికొకసారైనా విప్పి, ఆరనిచ్చి, మళ్లీ మడవాల్సిన గుడ్డ అది. ఒక రీప్యాకింగ్ శిబిరంలో చూశాను. హార్నెస్‌ని, అంటే పైలట్ కూర్చునే పట్టీల సీటుని, దూలానికి వేలాడదీసి, పైలట్ గారిని అందులో కూర్చోబెట్టి, హ్యాండిల్ లాగమన్నారు. పెద్ద అనుభవశాలి. లాగారు, రాలేదు. రెండు చేతులతో లాగారు, దూలం కిర్రుమంది గానీ అది రాలేదు. వెల్‌క్రో ఏళ్ల తరబడి అలాగే అంటుకుని ఉండి ఉండి, ఇక విడిపోయే ఉద్దేశమే మానుకుంది. చివరికి ఇద్దరు పట్టుకుని పీకితే ఊడి వచ్చింది, లోపలున్న ఇసుకతో, ఎండుగడ్డితో సహా. ఆయన బయోడేటాలో "భద్రతే నా ప్రథమ ప్రాధాన్యం" అని ఉంది.

రెండో ప్రశ్న: ఎగరకుండా ఎన్నిసార్లు నడిచి కిందికి వచ్చారు? మామూలు వింగ్ తన మానాన తాను గంటకు 38 కిలోమీటర్ల దాకా పోతుంది, వేగం పెంచే స్పీడ్‌బార్‌ని కాళ్లతో తొక్కితే యాభై దాకా లాగొచ్చు. ఎదురుగాలి అరవై ఉందనుకోండి, ముఖం ముందుకి, ప్రయాణం వెనక్కి. చదువు, హోదా, పూర్వాశ్రమంలో చక్కబెట్టిన బ్రాంచీలు, ఇవేవీ ఈ తీసివేతలో పనికిరావు. అలాంటి రోజున గాలి వాటం చూపే విండ్‌సాక్ వంక ఒక చూపు చూసి, మూట మళ్లీ కట్టుకుని, పక్కవాళ్ల వెక్కిరింతలు వింటూ దిగి వచ్చినవాడి గురించి ఒక్క వాక్యం రాయరు. అది సాహసం కిందికి రాదట.

2007లో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర ఏవా విష్నియెర్‌స్కా అనే జర్మన్ జట్టు పైలట్‌ని ఉరుముల మేఘం 9,946 మీటర్ల దాకా లాక్కెళ్లింది, అంటే ఎవరెస్టు కంటే పైకి. చాలాసేపు స్పృహ లేదు, ఒళ్లంతా మంచు పట్టింది, అయినా బతికి దిగారు. ప్రపంచ స్థాయి పోటీలకి సిద్ధమవుతున్న మనిషి, ఆమె బయోడేటాకి వంక పెట్టే అర్హత ఎవరికీ లేదు. మేఘానికే చదవడం రాదు. అదే రోజు అక్కడ మరో పైలట్ ప్రాణం పోయింది. ఈ మాటలో వెటకారం లేదు.

మరి నిజంగా చేసి చూపించినవాళ్ల సంగతేమిటి? 2011 మేలో నేపాల్‌కి చెందిన లక్పా షేరీ షెర్పా, సనో బాబు సునువార్ ఇద్దరూ ఒకే వింగ్ కింద ఎవరెస్టు మీద నుంచి ఎగిరి కిందున్న నామ్చే బజార్ అనే ఊరి దగ్గర దిగారు. ఆ తర్వాత కయాక్ అనే సన్నటి తెడ్డు పడవలో నదుల వెంట బంగాళాఖాతం దాకా పోయారు. సునువార్‌కి ఎగరడమూ తెలుసు, కయాకూ తెలుసు, పర్వతారోహణలో మాత్రం కొత్త. లక్పాకి పర్వతం తెలుసు, ఈత రాదు. ఇప్పటి ప్రకటనలు రాసే నిర్వాహకుల ముందు ఈ ఇద్దరి దరఖాస్తులు పెడితే, ఈత రాని మనిషి సముద్రం దాకానా అని నవ్వి పక్కన పడేసేవాళ్లు. (దీన్ని చూసి ఎవరూ ఈత మానేయకండి.) ఎవరికి ఏం రాదో ఇద్దరికీ తెలుసు, అందుకే ఎక్కేటప్పుడు ఒకరి మాట, ఎగిరేటప్పుడు ఇంకొకరి మాట చెల్లింది. నలుగురు నాయకులున్న బృందాల్లో ఈ సౌకర్యం ఉండదు, వాతావరణం పాడైతే నలుగురూ కలిసి ముందుకే పోతారు.

డాక్టర్ గారిని మరిచిపోయాను. ప్రతి బృందంలోనూ ఒక డాక్టరు ఉంటారు, ఆ ధైర్యంతోనే మిగతావాళ్లు కొంచెం ఎక్కువ సాహసం చేస్తారు. ఏ డాక్టరు అని అడగరు, పళ్ల డాక్టరు కావచ్చు. పైగా ఆయనా ఎగురుతున్నాడు. మీరు ఈ లోయలో కాలు విరగ్గొట్టుకున్న సమయానికి ఆయన అవతలి లోయలో చెట్టు మీద ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

ఇవన్నీ అయ్యాక అట్టడుగున "మరియు సహాయక బృందం" అని ఒక లైను ఉంటుంది. అంటే జీపు డ్రైవరు. రేడియో చెవికి ఆనించుకుని, ఎవరు ఏ ఊరి పొలంలో దిగారో కనుక్కుని, చీకటి పడే లోపు అందర్నీ ఏరుకొచ్చేది అతనే. బృందం మొత్తం మీద గమ్యానికి ఖాయంగా చేరే ఏకైక సభ్యుడు కూడా అతనే. అతని పూర్వాశ్రమం గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి అని ఒక నిర్వాహకుణ్ని అడిగాను. "వేద్దామనే అనుకున్నాం సార్, కానీ ఆయన మొదటి నుంచీ డ్రైవరేనట, అందులో కథేముంది" అన్నాడు.