స్కిప్-ఇఫ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్కిప్-ఇఫ్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టుల పక్కన చేరి 'ఫలానా పరిస్థితిలో దీన్ని నడపకండి' అని చెప్పే లైనే కదా తమరు! మీరు క్షేమమని ఫైర్‌ఫాక్స్ సోర్స్ కోడ్ తెరిచిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. మీ పుణ్యాన పడకేసిన టెస్టుల సంగతే తెలియడం లేదు.

ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో మెనూలూ ట్యాబులూ వెబ్ పేజీలూ ఒకే ప్రాసెస్‌లో, అంటే కంప్యూటర్ నడిపే ఒకే ప్రోగ్రామ్‌లో, ఉమ్మడి కుటుంబంలా ఉండేవి. టెస్టు కూడా ఇంటిమనిషే. చొరవగా పేజీలోకి చెయ్యి పెట్టి కావలసిన బటన్ పట్టుకునేది. 2009లో పేజీలను వేరే ప్రాసెస్‌లోకి విడదీసే ఎలక్ట్రాలసిస్ (పొట్టిగా ఈ10ఎస్) ప్రాజెక్టు మొదలైంది, 2016 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ 48తో వేరుకాపురాలు యూజర్ల దాకా వచ్చాయి. పేజీ కూలినా బ్రౌజర్ నిలబడాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ టెస్టు చెయ్యి చాస్తే ఇప్పుడు గోడ తగులుతోంది. మెసేజ్ పంపాలి, జవాబు కోసం ఆగాలి. వేల టెస్టులను అలా తిరగరాయడం ఎవరి వల్ల?

అప్పుడు దయచేశారు తమరు. టెస్టుల జాబితా అయిన మ్యానిఫెస్ట్‌లో టెస్టు పేరు కింద ఒక్క లైను: 'స్కిప్-ఇఫ్ = ఈ10ఎస్'. టెస్టు ఫలితాలు చూపే ట్రీహెర్డర్‌లో ఫెయిలైందని చెప్పే ఆరెంజ్ మాయం, అంతా పచ్చదనం. తాత్కాలికమే అన్నారు. మన దగ్గర తాత్కాలికం అన్నదాని ఆయుష్షు ఎంతో మీకు తెలియనిదా!

మీ అసలు ప్రతిభ ఆ తర్వాత బయటపడింది. కొత్త పద్ధతే డిఫాల్ట్ అయ్యాక, ఒంటి ప్రాసెస్ రన్‌లకు మెషీన్లు దండగ అనిపించడం సహజం. అవి ఆపేస్తే, అక్కడ మాత్రమే నడవమని మీరు అనుమతించిన టెస్టు ఇక ఎక్కడా నడవదు. ఫైలు ఉంటుంది, లెక్కలో ఉంటుంది, ఫెయిల్ మాత్రం కాదు. ఇంత నమ్మకమైన టెస్టు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

మీరు ఉండాల్సిన చోట్లు లేవని కాదు. ట్యాబ్ కూలినప్పుడు కనిపించే పేజీని పరీక్షించాలంటే ఏదో ఒక ప్రాసెస్‌ను కావాలని కూల్చాలి. ఒంటి ప్రాసెస్‌లో ఆ పని చేస్తే బ్రౌజరే పోతుంది. అక్కడ మీరు నిక్షేపంగా ఉండండి.

నా గొడవంతా మిగతా చోట్ల గురించి. ఒంటి ప్రాసెస్‌లో పాసై, విడదీయగానే ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టు ఉంటుంది చూడండి, దాని పేరు చెబితేనే అందరికీ టెన్షన్. మెసేజ్ ఆలస్యమైతే కోడ్ తడబడుతోందని చెప్పేది అదే. ముందు నోరు నొక్కేదీ దానికే.

2018లో ఒక సైటు మరో సైటు సమాచారాన్ని దొంగచాటుగా చదివే వీలిచ్చే స్పెక్టర్ అనే చిప్ లోపం బయటపడ్డాక ఏ సైటుకు ఆ ప్రాసెస్ అన్న ఆలోచనకు తొందర పెరిగింది. 2021 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 95తో ఆ పని చేసే ఫిషన్ డెస్క్‌టాప్ యూజర్లందరికీ వచ్చింది. పేజీలో ఇమిడి ఉండే మరో పేజీ, అంటే ఐఫ్రేమ్, వేరే సైటుదైతే అదీ గోడ అవతలే. మీరూ తగ్గలేదు, 'స్కిప్-ఇఫ్ = ఫిషన్' అంటూ మళ్లీ వెలిశారు.

కాబట్టి మనవి. మీ పక్కన బగ్ నంబరు ఉండి, ఆ బగ్ ఇంకా తెరిచే ఉంటే మీ జోలికి రాను. బగ్ ఎప్పుడో మూసేసినా కదలని చోట, అసలు నంబరే లేని చోట, ముందు మిమ్మల్ని తీసేసి, మార్పులను ముందుగా పరీక్షించి చూసే ట్రై సర్వర్‌కు ఆ టెస్టును పంపుతాను. ఆరెంజ్ వస్తే రానివ్వండి.

ఇట్లు,
టెస్టులు చూసుకునే ఒక ఇంజనీరు