అత్త సొమ్ము, కౌంటీ దానం

అమెరికాలో మత్తుకు బానిసల్ని చేసే ఓపియాయిడ్ నొప్పి మాత్రలను ఊరూరా కుమ్మరించిన కంపెనీలు, కోర్టు మెట్లెక్కాక, రాష్ట్రాలకూ కౌంటీలకూ (అక్కడి జిల్లాల్లాంటివి) అన్నీ కలిపి 50 బిలియన్ డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకున్నాయి. మెక్కెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే ముగ్గురు టోకు వర్తకుల వాటాయే 21 బిలియన్ల దాకా, 18 ఏళ్ల వాయిదాల్లో. డబ్బు రావడం గొప్ప కాదు, ఖర్చు పెట్టడం ఒక శాస్త్రం. అది ఒంటబట్టని కౌంటీ పెద్దల కోసం ఈ నాలుగు ముక్కలు.

టోకు వర్తకుల జాతీయ ఒప్పందం ప్రకారం కనీసం 85 శాతం మత్తు చేసిన నష్టాన్ని చక్కదిద్దడానికే వాడాలి. ఏవి చక్కదిద్దే పనులో ఎగ్జిబిట్ ఇ అనే అనుబంధం చెబుతుంది. అందులో మొట్టమొదటిది నాలోక్సోన్. మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషిని ముక్కులో ఒక్క స్ప్రేతో వెనక్కి లాగే మందు. అనుభవజ్ఞులు అక్కడ ఆగరు. కిందికి, ఇంకా కిందికి దిగి, పోలీసుల ప్రస్తావన ఉన్న చోట కుర్చీ వేసుకుంటారు. అక్కడ ఉన్నది ఫెంటానిల్ అనే మహా ఘాటైన మత్తుమందు ఎదురైతే తీసుకోవలసిన జాగ్రత్తల గురించి, సిబ్బంది మనోధైర్యం గురించి. కొత్త కారు వస్తే మనోధైర్యం పెరగదా? ఆ సందులోంచే కౌంటీ పోలీసు పెద్ద షెరిఫ్ గారి గస్తీ కారు, దాని వెనకే జైలుకు బాడీ స్కానరు, ఫోన్ల తాళం విప్పే సాఫ్ట్‌వేరు సాఫీగా దూరిపోతాయి.

కారంటే ఎందుకింత మోజు? వాయిదాలు సమంగా రావు. కొన్ని కంపెనీలు ముందే దులిపేసుకుంటాయి, కొన్ని 2038 దాకా సాగదీస్తాయి. మొదటి ఏడాది రాబడి చూసి మురిసిపోయి మత్తు యావను అణచే బుప్రెనార్ఫిన్ మందు ఇచ్చే నర్సును పెట్టుకుంటే, మూడో ఏడాది ఆమె జీతం ఎవరివ్వాలి? కారు జీతం అడగదు. జైల్లో ఉండగా ఒంటికి మత్తు అలవాటు తగ్గిపోతుంది, బయటికొచ్చాక పాత మోతాదే ప్రాణం తీస్తుంది, మొదటి రెండు వారాలే అసలు గండం, కాబట్టి లోపలే మందు మొదలుపెట్టి, విడుదల రోజున బయటి క్లినిక్‌కు అప్పగించండని డాక్టర్లు మొత్తుకుంటారు. నిజమే కావచ్చు. కానీ జరగని చావుకు రిబ్బను ఎక్కడ కడతారు?

ఇక అసలు కిటుకు. ఆరోగ్య శాఖ జీతాలు ఇన్నాళ్లూ కౌంటీ సాధారణ నిధి నుంచి పోతున్నాయి కదా, వాటిని ఈ పద్దులోకి మార్చండి. అక్కడ మిగిలిన సొమ్ముతో రోడ్డు వేసుకోండి. కాగితం మీద ప్రతి డాలరూ ఆరోగ్యానికే, ఊళ్లో మాత్రం చికిత్సకు ఒక్క మంచమూ పెరగదు. జాతీయ ఒప్పందం దీన్ని నిషేధించలేదు. టెనసీలోని గ్రీన్ కౌంటీ అంత శ్రమ కూడా పడలేదు. డబ్బులో పెద్ద భాగం అప్పుల పద్దుకు మళ్లించి, ఖైదీల చేత రోడ్డు పక్క చెత్త ఏరించడానికి ఓ పికప్ ట్రక్కు కొనుక్కుంది. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్ టౌన్‌షిప్ మరీ రసికమైనది. 2023, 2024ల్లో రెండు సంగీత కచేరీలకు 6 లక్షల 32 వేల డాలర్లు ఖర్చు చేసిందని రాష్ట్ర ఖర్చుల తనిఖీ అధికారి అయిన కంప్ట్రోలర్ తేల్చారు. అవగాహన పెంచడానికట. పాప్‌కార్న్ యంత్రాలూ పెట్టారు.

లెక్కలంటారా? జాతీయ ఒప్పందం అడిగేదల్లా సంబంధం లేని ఖర్చు చేస్తే ఆ సంగతి మీరే చెప్పమని. దొంగే స్టేషనుకొచ్చి ఫిర్యాదు రాసిచ్చే పద్ధతి. నార్త్ కరోలినా వంటి చాదస్తపు రాష్ట్రాలు మాత్రం ఖర్చుకు కౌంటీ బోర్డు తీర్మానం, ఏటా నివేదిక కావాలంటాయి. ఒకప్పుడు ఇంత చాదస్తం లేదు. 1998 నాటి పొగాకు ఒప్పందపు డబ్బులో కొంత పెట్టి ఆ రాష్ట్రమే పొగాకు రైతులు ఆకు ఆరబెట్టే బ్యారన్లు బాగుచేయించింది. సిగరెట్ల పాపానికి కట్టిన సొమ్ముతో బ్యారన్‌కు మరమ్మతు! ఒంగోలు, కందుకూరు రైతులు వింటే నోరు వెళ్లబెడతారు.

చివరగా సభ నడిపే తీరు. ఈ ఖర్చును కన్సెంట్ అజెండాలో, కాలవ మరమ్మతుకీ సెలవుల జాబితాకీ నడుమ ఇరికించండి. చర్చ లేకుండా అన్నీ ఒక్క చేతి ఎత్తుతో గట్టెక్కుతాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎవరైనా మైకు దగ్గరికి వస్తే మూడు నిమిషాలు ఇవ్వండి, బజరు నొక్కండి. ఆ బజరు ఏ పద్దులో రాయాలా అని బెంగపడకండి. ఎగ్జిబిట్ ఇ చాలా పొడుగు.