రహీం సాబ్ కావాలి గానీ ఆయన ఆటగాళ్లు వద్దా?

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా బావమరిది. అంతకుముందు కాలేజీ గ్రూపులో వచ్చింది, వీధి గ్రూపులో వచ్చింది, చివరికి చీటీ డబ్బుల లెక్క కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా వచ్చింది. పైన "తెలుగువాడివైతే పది మందికి పంపు" అని హెచ్చరిక, కింద వరసగా జెండా బొమ్మలు, మధ్యలో మన ఫుట్‌బాల్ చరిత్ర పేరుతో అయిదు గొప్పలు, ఒక "ఆల్‌టైమ్ తెలుగు లెవన్", అంటే అన్ని కాలాల తెలుగు ఆటగాళ్ల జట్టు. హైదరాబాద్ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ అంటే చెవి కోసుకునేవాడిని నేను. ఇది నాకు నచ్చుతుందనే అందరూ పంపుతున్నారు. వాళ్ల ప్రేమకు దండం. మెసేజ్‌కు మాత్రం పెట్టలేను.

చిత్తూరువాడికి హైదరాబాద్ టీమ్‌తో ఏం పని అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. మా చిన్నప్పుడు రాష్ట్రానికి అదే టీమ్. హైదరాబాద్ పోలీస్ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ 1965లో ఆంధ్రప్రదేశ్ పేరుతోనే వచ్చింది. చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో ఎర్రమట్టి లేపుకుంటూ ఆడేటప్పుడు మాలో ఒకడు హబీబ్, ఒకడు అక్బర్, ఒకడు షబ్బీర్ అలీ. ఆ పేర్ల కోసం కొట్టుకునేవాళ్లం కూడా. 2014లో రాష్ట్రం విడిపోయిందని అభిమానాన్ని కూడా జనాభా లెక్కన పంచుకోలేం కదా.

సరే, ఒక్కొక్కటే చూద్దాం.

"బూట్లు లేవని 1950 వరల్డ్ కప్‌లో మనల్ని ఆడనివ్వలేదు." ఈ మాట మా నాయన చెప్పాడు, స్కూల్లో పీఈటీ సార్ చెప్పాడు, ఇప్పుడు వాట్సాప్ చెబుతోంది. మనల్ని ఎవరూ ఆపలేదు. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనకు బ్రెజిల్ టికెట్ దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలున్న గ్రూపులో వేశారు. వెళ్లనిది మనమే. టీమ్ ఎంపికలో గొడవలు, ప్రాక్టీసుకు టైమ్ చాలదని మన ఫెడరేషనే చెప్పుకుంది. నెలల తరబడి ఓడ ప్రయాణం అనే బెంగ కూడా ఉంది. అన్నిటికీ మించి, అప్పట్లో మనవాళ్ల కళ్లన్నీ ఒలింపిక్స్ మీదే, వరల్డ్ కప్ అంటే అంత లెక్క లేదు. నిజంగానే బూట్లు లేవని ఫిఫా గెంటేసి ఉంటే, రెండేళ్ల తర్వాత 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఎలా దిగారు? ఆ చలిలో యుగోస్లేవియా చేతిలో 10–1తో చిత్తయ్యాకే బూట్లు తప్పనిసరి చేశారు. ఆ పని చేసింది కూడా మన ఫెడరేషనే. అవకాశం మన చేతుల్లోకి వచ్చి మనమే వదిలేశాం అని చెప్పుకోవడం కష్టంగా ఉంటుంది. తెల్లవాళ్లు రానివ్వలేదంటే గుండెకు హాయి.

"1956 మెల్బోర్న్‌లో కాంస్యం గెలిచాం." లేదు. ఆ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3–0తో ఓడాం. దీనిమీద ఇంకేం రాయాలి?

"4-2-4 పద్ధతిని రహీం సాబ్ కనిపెట్టాడు, బ్రెజిల్ కాపీ కొట్టింది." ఆయన్ని పొగడడానికి బ్రెజిల్‌ను దొంగను చేయక్కర్లేదు. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు నిలబడి ఆడే ఆ పద్ధతి 1950లలో రెండు మూడు దేశాల్లో వేర్వేరు కోచ్‌ల బుర్రల్లో తయారవుతూ వచ్చింది. మన దేశంలో దాన్ని ముందుగా పట్టుకున్నవాడు హైదరాబాద్ పోలీస్‌కూ దేశ జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం. అసలు గొప్పతనం వేరే చోట ఉంది. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపాడు. కాలికి బంతి తగలగానే పాస్ ఇవ్వాల్సిందే. వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ. కుడికాలి వాటం ఉన్న పిల్లాడు ఎడమకాలితో గోల్ కొట్టాలని తంటాలు పడుతుంటే చూసే జనం నవ్వకుండా ఉంటారా? అలా నవ్వించుకున్న ఊరి టీమే 1950 నుంచి 1954 దాకా అయిదేళ్లు వరసగా బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తింది. మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

"కలకత్తాలో మన హబీబ్ పీలేను ఓడించాడు." 1977 సెప్టెంబర్ 24, ఈడెన్ గార్డెన్స్, కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌కూ పీలే ఆడే న్యూయార్క్ కాస్మోస్‌కూ మ్యాచ్. స్కోరు 2–2. ఓడించలేదు, డ్రా. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఇంకోటి హబీబ్‌ది. పీలే ఆడిన మ్యాచ్‌లో గోల్ కొట్టాడన్నది చాలదా? దానికి ఉప్పూకారం ఎందుకు?

ఇక్కడిదాకా అయితే నేను కూడా అందరిలా ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకునేవాడిని. అయిదో పాయింట్ దగ్గర కడుపు మండింది.

"హైదరాబాద్ ఆటగాళ్లలో చాలామంది ఉర్దూవాళ్లు, నిజాం కాలం మనుషులు. వాళ్లు తెలుగువాళ్లు కారు. అందుకే మన అసలు లెవన్‌లో వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు." తీసేసినవాళ్ల పేర్లు కూడా బ్రాకెట్లో ఇచ్చాడు: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, అక్బర్, షబ్బీర్ అలీ, హబీబ్. అవును, హబీబ్. నాలుగో పాయింట్లో పీలేను ఓడించిన "మన హబీబ్" అయిదో పాయింట్‌కు వచ్చేసరికి పరాయివాడైపోయాడు. మధ్యలో ఏం జరిగిందో? రెండు లైన్ల ఖాళీ తప్ప ఏమీ లేదు.

ఇంతమందిని తీసేస్తే టీమ్ ఎలా నిండుతుంది? నిండలేదు. అందుకని బెంగాల్ ఆటగాళ్లు చునీ గోస్వామిని, పీకే బెనర్జీని తెచ్చి "అతిథి ఆటగాళ్లు" అని వేశాడు. జల్పాయిగురి పీకే తెలుగు లెవన్‌లో ఉంటాడట, హైదరాబాద్‌లో పుట్టి 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో దేశానికి కెప్టెన్‌గా కాంస్యం తెచ్చిన నయీముద్దీన్ ఉండడట. అప్పటికీ లెక్కపెడితే తొమ్మిది పేర్లే. లెవన్ అంటే ఎంతమందో కూడా మనమే చెప్పాలా!

గోల్‌కీపర్‌గా మాత్రం పీటర్ తంగరాజ్‌ను ఉంచాడు. మంచిదే, నా లిస్టులోనూ ఆయనే. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నవాడు. కానీ భాషే గీటురాయి అయితే తంగరాజ్ అన్న పేరు తెలుగు పేరెలా అయింది సామీ? మా నగరి వైపు మనిషి అనుకున్నాడో ఏమో. ఉర్దూ పేరైతే పరాయివాడు, తమిళ పేరైతే మనవాడు, బెంగాలీ పేరైతే అతిథి. దీన్ని భాషాభిమానం అనుకోమంటున్నారు. ఆ బ్రాకెట్లోని పేర్లను వరసగా చదవండి, అక్కడున్నది భాష కాదని ఏడో క్లాసు పిల్లాడైనా చెబుతాడు.

కోచ్ పేరు చూడండి. రహీం. ఆయన్ని తీసేయలేదు! ఎందుకంటే ఆయన్ని తీసేస్తే ఏషియన్ గేమ్స్‌లో 1951 ఢిల్లీ స్వర్ణం పోతుంది, 1962 జకార్తా స్వర్ణం పోతుంది, మెసేజ్‌లో చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు. ఆయన ఆటగాళ్లతో ఉర్దూలో మాట్లాడినప్పుడు వచ్చిన పతకం మనది, అదే ఉర్దూలో "జీ సాబ్" అని మైదానంలోకి దిగిన కుర్రాడు మాత్రం మనవాడు కాదు. క్యాన్సర్‌తో బాధపడుతూనే జకార్తాలో టీమ్‌ను నడిపించి, మరుసటి ఏడాది జూన్‌లో పోయాడాయన. ఆయన కొడుకు హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నాడు. కొడుకు పేరు కూడా ఈ లెవన్‌లో లేదు లెండి. తండ్రి మనవాడు, కొడుకు కాడు.

ఈ మెసేజ్‌ను వేరే జిల్లావాళ్లు పంపుతుంటే అదొక రకం. చిత్తూరువాళ్లే పంపుతున్నారు, అదీ నా బాధ. ఇంటిభాష చూసి మనుషుల్ని ఏరడం మొదలుపెడితే ముందు మన పాత ఉమ్మడి జిల్లాలో ఎవరు మిగులుతారు? కుప్పంలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినబడతాయి. నగరిలో తమిళం, మదనపల్లెలో ఉర్దూ. 1960లో మ్యాపు మీద గీత మార్చి తిరుత్తణిని మద్రాసుకిచ్చి సత్యవేడును మనం తీసుకున్నాం. ఆ పొద్దు సత్యవేడువాళ్లు నిద్రలేచేసరికి తెలుగువాళ్లు అయిపోయారా? తిరుత్తణి పోయినా అక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని మాత్రం మనవాడని చెప్పుకోవడం మానలేదు మనం, మానకూడదు కూడా. ఆయన విషయంలో ఉన్న పెద్దమనసు నూర్ మహమ్మద్ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది?

ఆదివారం పొద్దున మెసానికల్ గ్రౌండ్‌కు పోయి పది నిమిషాలు నిలబడండి. "ఇంగ పోడ్రా" అని ఒకడు అరుస్తాడు, "ఇటు కొట్రా" అని ఇంకొకడు, "ఇధర్ దే" అని మూడోవాడు. బంతి ఖాళీగా ఉన్నవాడి దగ్గరికి పోతుంది. పోకపోతే ముగ్గురూ కలిసి పాస్ ఇవ్వనివాణ్ని తిడతారు, ఆ తిట్లు ఏ భాషవో నేను రాయను.

ఇంతకీ ఆ బ్రాకెట్లో పడేసినవాళ్లు ఎవరు? నూర్ మహమ్మద్ హెల్సింకీ, మెల్బోర్న్ రెండు ఒలింపిక్స్ ఆడిన హాఫ్‌బ్యాక్. అజీజుద్దీన్ కూడా ఆ రెండింటిలోనూ ఉన్నాడు. యూసుఫ్ ఖాన్‌కు రోమ్, జకార్తా రెండూ ఉన్నాయి, ఏ పొజిషన్‌లో దింపినా ఆడేవాడు. షబ్బీర్ అలీ 1974లో ఆసియా యూత్ కప్‌ను ఇరాన్‌తో కలిసి పంచుకున్న మన జట్టుకు కెప్టెన్. అక్బర్ 1976లో కలకత్తా డెర్బీలో, అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో, 17 సెకన్లకే గోల్ కొట్టాడు, జనం ఇంకా సీట్లలో సర్దుకునే లోపలే. ఆయన అన్న హబీబ్‌ను కలకత్తాలో "బడే మియా" అనేవాళ్లు. బెంగాలీలు తమ సొంత కుర్రాళ్లను పక్కనపెట్టి మరీ నెత్తిన పెట్టుకున్నారు. వాళ్లకు అడ్డురాని భాష మనకు అడ్డొచ్చింది. 2023 ఆగస్టు 15న ఆయన పోయిన రోజు ఈ గ్రూపుల్లో ఒక్కరైనా ఒక్క ముక్క రాశారా? అందరూ జెండా బొమ్మలు పంపుకోవడంలో బిజీ.

బలరాం గురించి ఒక మాట. మెసేజ్ కింద "తులసీదాస్ బలరాంకు పద్మశ్రీ ఇవ్వకపోవడం అన్యాయం" అని ఒక లైను ఉంది. నూటికి నూరుపాళ్లు నిజం. చునీకి, పీకేకి ఇచ్చి, వాళ్లతో సమానంగా ఆడినవాడికి ఎందుకు ఇవ్వలేదు? రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు, జబ్బు చేసి ఇంకా ముప్పై నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది, 2023 ఫిబ్రవరిలో పోయేదాకా ఆ పద్మశ్రీ రానేలేదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడైన ఈ బలరాం నా లెవన్‌లో అందరికన్నా ముందు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. నేను ఏళ్ల తరబడి ఈ పేర్లు చెబుతున్నా మా ఇంట్లో ఒక్కరూ చెవిన పెట్టలేదు. రహీం సాబ్ మీద హిందీ సినిమా వచ్చినా చూడలేదు. ఈ దిక్కుమాలిన మెసేజ్ వచ్చాక మా అన్న కూతురు "చిన్నాన్నా, నూర్ మహమ్మద్ ఎవరు, ఎందుకు తీసేశారు?" అని ఫోన్ చేసి అడిగింది. బ్రాకెట్లో పెట్టి వాడు చేసిన ప్రచారం నేను ఇన్నేళ్లలో చేయలేకపోయాను.

కాబట్టి పంపేవాళ్లు పంపుకోండి, ఎవరు ఆపగలరు? అయిదో పాయింట్ తీసేసి పంపండి, అంతే. జకార్తా ఫైనల్ స్కోరు కూడా మార్చండి, అది 3–0 కాదు, 2–1. దక్షిణ కొరియా మీద పీకే ఒకటి, తలకు కట్టుతో ఫార్వర్డ్‌గా ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. జర్నైల్ అసలు డిఫెండర్, పైగా పంజాబీ. ఆయన్ని కూడా అతిథిగా వేసుకోండి, మీ లెవన్‌లో ఇంకా రెండు ఖాళీలున్నాయి.